పలాస జీడిపప్పు సైటులోంచి తెలుగు చేయాల్సిన మాటలన్నీ బయటకి తీయడం – నా అనుభవం

మా మావయ్య వాళ్లకి పలాస పక్కన కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ ఉంది, పెద్దదేం కాదు, ఆ చుట్టుపక్కల ఉన్న వాటిల్లో అదొకటి అంతే. కొన్నాళ్ల కిందట ఆన్‌లైన్‌లో అమ్ముదామని ఒక సైటు చేయించుకున్నారు, మొత్తం ఇంగ్లీషే. పప్పు కొనేవాళ్లు హైదరాబాదో బెంగళూరో వైజాగో కాబట్టి వాళ్లకి ఇంగ్లీష్‌తో నడిచిపోయింది గానీ సైటులో ఇంకో సగం ఉంది, అది రైతులకి. ఉద్దానం వైపు తోటలున్నవాళ్లు ఈరోజు పిక్కల (పప్పు తీయని జీడి గింజల) రేటెంత, ఎన్ని బస్తాలు తెస్తున్నారు, బండి ఎప్పుడు పంపాలి, ఇవన్నీ ఫోన్‌లోనే చూసుకుని బుక్ చేసుకునేలా పెట్టారు. మా వైపు పిక్కల రేటు కేజీ లెక్కన కాదు, 80 కేజీల బస్తా లెక్కన చెప్తారు, ఆ పేజీలో అదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది కానీ ఇంగ్లీష్‌లో. ఎవరు చూస్తారు, ఎవరూ చూడలేదు, పొద్దున్న లేస్తే అందరూ మావయ్యకే ఫోన్ చేసి "రేటేటి బాబూ" అని అడగడమే. చివరికి ఆయన నన్ను పట్టుకున్నాడు, "నువ్వు కంప్యూటరోడివే కదరా, ఆ సైటు కూసింత తెలుగు సేసీ" అని.

నేను శ్రీకాకుళంలో ఇంటి దగ్గర్నుంచే పని చేస్తాను, పైథాన్ నాకు రోజూ పనే, సైటు కూడా పైథాన్‌తో సైట్లు కట్టే జాంగోలోనే ఉంది కాబట్టి సరే అన్నాను. తెలుగు రాయడానికి మా మరదలు ఒప్పుకుంది, అంటే మావయ్య కూతురు, ఆర్డర్ల ఫోను, వాట్సాపు అంతా తనే చూస్తుంది, రైతులు ఏ మాట వాడతారో కొనేవాళ్లు ఏ మాట వాడతారో తనకి తెలిసినంత నాకు తెలీదు. తను రాయాల్సినవి రాసేసింది కూడా, చకచకా రాసింది. టైం తినేసింది ఏంటంటే దానికి ముందు పని, తను ఏం రాయాలో ఆ లిస్టు సైటులోంచి బయటకి తీయడం. ఇది పెద్ద విషయమా అనిపిస్తుంది కదా, ఒక కమాండ్ కొడితే వచ్చేస్తుంది కదా అని, అవును ఒక కమాండే, కానీ ఆ కమాండ్ మనం గుర్తు పెట్టినవే తీస్తుంది, గుర్తు పెట్టనిది దాని లెక్కలో మాటే కాదు.

తెలియని వాళ్లకి కొంచెం చెప్తాను. జాంగో దీనికోసం గెట్‌టెక్స్ట్ అని చాలా పాత సామాను వాడుతుంది, 1990ల మొదట్లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన పద్ధతి, 1995లో ఉల్రిక్ డ్రెప్పర్ దాని గ్నూ వెర్షన్ తెచ్చాడు, ఇప్పటికీ వర్డ్‌ప్రెస్ నుంచి లైనక్స్ డెస్క్‌టాప్ దాకా అదే నడుస్తోంది. కోడ్‌లోనూ టెంప్లేట్‌లోనూ (పేజీకి అచ్చులాంటి హెచ్‌టీఎంఎల్ ఫైల్) "ఇది అనువాదం చేయాలి" అని మనం గుర్తు పెడతాం, మేక్‌మెసేజెస్ అనే కమాండ్ కొడితే ఆ గుర్తున్న వాక్యాలన్నీ ఏరి ఒక పీవో ఫైల్‌లో పెడుతుంది, ఒక్కోదానికి పైన ఇంగ్లీష్ లైను, కింద తెలుగు రాయడానికి ఖాళీ లైను. ఖాళీలన్నీ నింపాక కంపైల్‌మెసేజెస్ కొడితే ఎంవో ఫైల్ తయారవుతుంది, సైటు చదివేది దాన్నే. ఇంకోటి, విండోస్‌లో చేసేవాళ్లకి మొదట్లోనే ఎంఎస్‌జి‌యునిక్ దొరకలేదు అని ఎర్రర్ వస్తుంది, కంగారు పడొద్దు, గెట్‌టెక్స్ట్ టూల్స్ జాంగోతో పాటు రావు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ఉబుంటులో అయితే ఒక్క ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో పోతుంది.

లోపల ఏం జరుగుతుందో చూస్తే నాకు భలే సరదాగా అనిపించింది. ఎక్స్‌గెట్‌టెక్స్ట్ అనే అసలు టూల్‌కి హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్ చదవడం రాదు, దానికి పైథాన్ లాంటి భాషలు తెలుసు. అందుకని జాంగో ఏం చేస్తుందంటే మన టెంప్లేట్‌ని తీసుకుని గుర్తు పెట్టినవాటిని పైథాన్ ఫంక్షన్ కాల్స్‌లా మార్చి, మిగతా అక్షరాలన్నిటి మీదా ఎక్స్ ఎక్స్ ఎక్స్ అని కొట్టేసి, పైథాన్ ఫైలే అని నమ్మించి దానికి ఇస్తుంది. లైను నంబర్లు చెడకుండా ఉండటానికే ఆ ఎక్స్‌లు. అంటే మన మెనూ, మన హెడ్డింగు, మనం కష్టపడి రాయించుకున్న పేరా, గుర్తు లేకపోతే అన్నీ ఎక్స్‌లే.

కోడ్ తెరిచి మొదటిసారి మేక్‌మెసేజెస్ కొడితే పీవో ఫైల్ దాదాపు ఖాళీగా వచ్చింది. సైటు చేసినతను ఎవరో గానీ (పేరు ఎందుకులే) ఒక్క చోట కూడా గుర్తు పెట్టలేదు, లాగిన్ పేజీలో మాత్రం రెండు మూడు ఉన్నాయి, అవి కూడా ఎక్కడ్నుంచో కాపీ కొట్టిన పేజీ కాబట్టి వచ్చినవి. సో టెంప్లేట్లన్నీ ఒక్కోటీ తెరిచి చేత్తో పెట్టాల్సిందే. చాలామంది ఇక్కడ రెజెక్స్ (అక్షరాల వరసని వెతికే సూత్రం) రాసి యాంగిల్ బ్రాకెట్ల మధ్యలో ఏముంటే అది ఆటోమేటిగ్గా ట్రాన్స్‌లేట్ ట్యాగులో చుట్టేస్తారు, నాకూ ఆ ఐడియా ఉండింది గానీ డెలివరీ పేజీ టెంప్లేట్ చూశాక మానుకున్నాను, ఎందుకో చెప్తాను.

ఆ పేజీలో ఒక లైను ఉంది, ఇంగ్లీష్‌లో "షిప్స్ టు" అని మామూలు అక్షరాలు, తర్వాత బోల్డ్ ట్యాగులో ఊరి పేరు, తర్వాత "ఇన్" అని, తర్వాత ఒక అంకె, తర్వాత "డేస్" అని. రెజెక్స్‌తో చుట్టితే ఇవి మూడు వేరే వేరే ముక్కలుగా పీవో ఫైల్‌లోకి వెళ్తాయి. "ఇన్" ఒక్కటే ఒక ఎంట్రీ. దానికి తెలుగు ఏం రాస్తారు? "లో" అని రాస్తే అది ఊరి పేరు తర్వాత, అంకెకి ముందు వచ్చి కూర్చుంటుంది, "ఇచ్ఛాపురం లో 4 రోజులు", అది వేరే అర్థం. నేను చూపిద్దామనే ఆ మూడు ముక్కలూ మరదలికి పంపిస్తే వెంటనే మెసేజ్, "బావా ఇదేటి, ఇందులో ఏది ఎవరితో అతుక్కుంటాదో నాకెలగ తెలుస్తాది". మావయ్య పక్కనే ఉండి విన్నాడంట, "పిక్క కొట్టినపుడు పప్పు గుండుగా రావాల, బద్దలైపోతే రేటు రాదు, మీదీ అంతే కదా" అన్నాడు. కరెక్టే, వాక్యం గుండుగా బయటకి రావాలి.

కాబట్టి ఆ లైను మొత్తాన్ని ఒకే బ్లాక్‌ట్రాన్స్‌లేట్‌లో (మధ్యలో ఖాళీలున్న వాక్యానికి గుర్తు పెట్టే ట్యాగు) పెట్టాను, ఊరికి ఒక పేరు, రోజులకి ఒక పేరు ఇచ్చి ఖాళీలు వదిలాను, ఇప్పుడు పీవో ఫైల్‌లో ఒకటే ఎంట్రీ, తెలుగులో ఆ రెండు ఖాళీల్నీ ముందూ వెనకా మార్చుకోవచ్చు. అంతటితో అయిపోతే బాగుండేది. ఊరి పేరు డేటాబేస్‌లోంచి వస్తుంది, దానికి "కి" తగిలించాలి. పలాసకి, టెక్కలికి, సోంపేటకి, ఇవన్నీ బానే ఉన్నాయి. ఇచ్ఛాపురం వచ్చేసరికి ఇచ్ఛాపురానికి అవ్వాలి, విజయనగరం విజయనగరానికి అవ్వాలి, శ్రీకాకుళం శ్రీకాకుళానికి. ఖాళీ పక్కన "కి" అని రాసేస్తే "విజయనగరంకి" అని వస్తుంది, మాట్లాడేటప్పుడు కొందరు అంటారు గానీ స్క్రీన్ మీద చూస్తే ఏదో పరాయి కంపెనీ సైటులా కనిపిస్తుంది. ఊళ్లన్నిటికీ రెండో రూపం డేటాబేస్‌లో దాచొచ్చు, కానీ పిన్‌కోడ్ కొడితే ఏ ఊరైనా వస్తుంది, ఎన్నని దాస్తాం. అందుకని వాక్యాన్నే తీసేసి "చేరే ఊరు: విజయనగరం, పట్టే సమయం: 3 రోజులు" అని లేబుళ్లలా మార్చాం. దీనికి ఇంగ్లీష్ టెంప్లేట్ కూడా మార్చాల్సి వచ్చింది, మావయ్య ఏమీ అనలేదు, ఇంకా నీటుగానే ఉంది అన్నాడు. నన్నడిగితే గుర్తులు పెట్టేవాడికి ఆ భాష రాకపోతే ఈ పని సగమే అవుతుంది, ఎందుకంటే వాక్యం ఎక్కడ విరుగుతుందో వాడికి కనపడదు, పీవో ఫైల్ చేతికొచ్చాక అనువాదం చేసేవాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు.

రోజుల సంగతి కూడా, 1 రోజు, 2 రోజులు. దానికి బ్లాక్‌ట్రాన్స్‌లేట్‌లోనే కౌంట్ అని, మధ్యలో ప్లూరల్ అని ట్యాగు ఉంటుంది, పీవో ఫైల్‌లో ఏకవచనానికి ఒక లైను, బహువచనానికి ఒక లైను వస్తాయి. తెలుగుకి రెండే రూపాలు కాబట్టి సుఖం, అరబిక్‌కి అయితే ఆరు ఉంటాయి. పాత టెంప్లేట్‌లో ఎలా ఉందంటే "డే" తర్వాత ఇఫ్ పెట్టి ఒకటి కంటే ఎక్కువైతే "ఎస్" తగిలించడం. ఇంగ్లీష్‌లో ఆలోచించి రాసిన కోడ్ అంటే ఇదే, అలాంటివి ఆ సైటులో ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి, బస్తాలకి, ప్యాకెట్లకి, ఆర్డర్లకి, అన్నిటికీ.

బ్లాక్‌ట్రాన్స్‌లేట్ గురించి మొదటిసారి వాడేవాళ్లకి రెండు మూడు ముక్కలు చెప్పాలి. ఫైల్ పైన లోడ్ ఐ18ఎన్ అని పెట్టాలి, బేస్ టెంప్లేట్‌లో ఉంది కదా దాన్నుంచే ఎక్స్‌టెండ్ అవుతోంది కదా అంటే కుదరదు, ప్రతి ఫైల్‌లోనూ ఉండాల్సిందే. బ్లాక్ లోపల ఫిల్టర్లు పనిచేయవు, ఆర్డర్ డాట్ కస్టమర్ డాట్ నేమ్ లాంటివీ పనిచేయవు, ముందే విత్ పెట్టి చిన్న పేరు ఇచ్చుకోవాలి, ఆ పేరు అనువాదం చేసేవాళ్లకి అర్థమయ్యేలా పెడితే పుణ్యం. ఇఫ్, ఫర్ కూడా లోపల పెట్టనివ్వదు, అలా ఉన్న చోట వాక్యాన్ని రెండుసార్లు పూర్తిగా రాయడమే, ఇఫ్‌కి ఒకటి, ఎల్స్‌కి ఒకటి. రిపీట్ అవుతుందని ప్రోగ్రామర్లకి మనసొప్పదు, నాకు మాత్రం ఇదే కరెక్ట్ అనిపిస్తుంది.

ఇంక బ్లాక్‌ట్రాన్స్‌లేట్‌కి తగిలించే ట్రిమ్డ్ అనే మాట. ఇది పెట్టకపోతే ఏమవుతుందో చూసి తీరాలి. "మా గురించి" పేజీలో ఒక పెద్ద పేరా ఉంది, ఫ్యాక్టరీ ఎలా మొదలైంది, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానం తోటలు ఎలా పడిపోయాయి, మళ్లీ ఎలా నిలబడ్డారు అని. హెచ్‌టీఎంఎల్‌లో అది ఆరేడు లైన్లుగా విరిగి, ప్రతి లైను ముందు బోలెడు స్పేసులు ఉన్నాయి. ట్రిమ్డ్ లేకుండా తీస్తే ఆ లైన్ బ్రేకులు, స్పేసులు అన్నీ వాక్యంలో భాగంగా పీవోలోకి వచ్చేస్తాయి, మరదలు తెలుగు రాసేటప్పుడు మొదట్లో లైన్ బ్రేక్ పెట్టకపోతే కంపైల్‌లో గొడవ, పైగా రేపు ఎవరైనా టెంప్లేట్ సర్ది ఇండెంటేషన్ మార్చినా చాలు, అది కొత్త వాక్యం అయిపోతుంది, పాత తెలుగు ఊడిపోతుంది. ట్రిమ్డ్ అని ఒక్క మాట తగిలిస్తే లైన్లన్నీ కలిసి మధ్యలో ఒక్కో స్పేసుతో శుభ్రంగా వస్తాయి. జాంగో 1.7 నుంచీ ఉంది ఇది, డిఫాల్ట్‌గా ఎందుకు పెట్టలేదో మరి. అదే పేరా మధ్యలో ఒక లింకు కూడా ఉంది, లింకు దగ్గర వాక్యాన్ని విరగ్గొట్టకుండా యాంకర్ ట్యాగుని లోపలే ఉంచి, అడ్రస్ మాత్రం బయట వేరియబుల్‌లో పెట్టాను, అనువాదం చేసేవాళ్లకి ట్యాగు కనిపిస్తుంది కానీ యూఆర్ఎల్ కనిపించదు, పాడు చేసే ఛాన్సు తక్కువ.

టెంప్లేట్లు అయ్యాక పైథాన్ ఫైళ్లు. ఇక్కడ ఒక చిత్రమైన రకం తగిలింది, బుకింగ్ అయ్యాక వచ్చే మెసేజ్‌కి గుర్తు నేను పెట్టాను, అయినా పీవోలోకి రాలేదు. చూస్తే అది ఎఫ్ స్ట్రింగ్, కోట్ ముందు ఎఫ్ పెట్టి లోపల నేరుగా వేరియబుల్స్ రాసే రకం. విలువలు నిండేది ప్రోగ్రామ్ నడిచేటప్పుడు, మాటలు ఏరేది ఫైల్‌ని ఊరికే చదివి, కాబట్టి ఎఫ్ స్ట్రింగ్‌తో ఇది కుదరదు, పర్సెంట్ గుర్తుతో ఖాళీలు పెట్టి, గుర్తు పెట్టిన వాక్యానికి బయట విలువలు ఇవ్వాలి. టెంప్లేట్‌లో వేరియబుల్‌ని ట్రాన్స్‌లేట్ ట్యాగులో పెట్టినా ఇంతే, ఆర్డర్ స్టేటస్ అలాగే ఉండింది, పెండింగ్, ప్యాక్డ్, షిప్డ్ అనేవి డేటాబేస్‌లోంచి వచ్చే మాటలు, ట్యాగు చూస్తే అంతా బానే ఉన్నట్టు ఉంటుంది, కానీ మాటలు ఏరే టైంలో అక్కడ ఉన్నది వేరియబుల్ పేరు మాత్రమే. మోడల్ ఫైల్‌లో ఆ చాయిసెస్ రాసిన చోట గెట్‌టెక్స్ట్ లేజీ పెడితే అప్పుడు దొరికాయి. లేజీ ఎందుకంటే ఆ ఫైల్ సర్వర్ స్టార్ట్ అయినప్పుడే ఒకసారి చదవబడుతుంది, అప్పటికి చూసేవాడు తెలుగువాడో ఇంగ్లీష్‌వాడో తెలీదు కదా, పేజీ చూపించేటప్పుడు తేల్చుకోవాలి.

జావాస్క్రిప్ట్‌ది మళ్లీ వేరే దుకాణం, మేక్‌మెసేజెస్‌కి జాంగోజేఎస్ అని డొమైన్ ఇచ్చి విడిగా కొట్టాలి, విడిగా ఇంకో పీవో ఫైల్ వస్తుంది, ఆ మాటల్ని బ్రౌజర్‌కి పంపడానికి జావాస్క్రిప్ట్ క్యాటలాగ్ వ్యూ పెట్టాలి. సైటులో జావాస్క్రిప్ట్ తక్కువే కాబట్టి తొందరగా తేలిపోయింది.

అన్నీ పెట్టేశాం అని ఎలా తెలుస్తుంది అనేది అసలు ప్రశ్న. నేను రెండు పనులు చేశాను. ఒకటి, చిన్న పైథాన్ స్క్రిప్ట్, టెంప్లేట్‌లో జాంగో ట్యాగులన్నీ తీసేసి మిగిలిన హెచ్‌టీఎంఎల్‌ని బ్యూటిఫుల్ సూప్ అనే లైబ్రరీతో చదివి, ఇంకా మిగిలిన మాటలు ఏవైనా ఉంటే ఫైల్ పేరుతో సహా చూపించడం, దాంతో పాటు ఆల్ట్, టైటిల్, ప్లేస్‌హోల్డర్, ఆరియా లేబుల్, మెటా డిస్క్రిప్షన్ ఈ యాట్రిబ్యూట్లు కూడా చూడడం. కంటికి కనిపించేవి అందరూ పట్టుకుంటారు, ఫోన్ నంబర్ కొట్టే పెట్టెలో బూడిద రంగులో ఉండే మాట, ఫొటో రాకపోతే కనిపించే మాట, ఇవే మిగిలిపోతాయి. రెండోది దొంగ అనువాదం. పోలిబ్ అనే లైబ్రరీతో పీవో ఫైల్‌లో ప్రతి ఖాళీనీ అదే ఇంగ్లీష్ వాక్యంతో నింపి ముందు "తె" అనే అక్షరం తగిలించాను, కంపైల్ చేసి సైటంతా తిరిగాను. "తె" లేకుండా ఏది కనిపించినా అది మనకి దొరకనిది. ఇలా తిరిగితేనే ఫుటర్‌లో ఒక టెంప్లేట్ ట్యాగులోంచి వస్తున్న కాపీరైట్ లైను, ఖాళీ కార్టు మెసేజ్, పాస్‌వర్డ్ మర్చిపోతే వెళ్లే ఈమెయిల్ సబ్జెక్టు, ఇవి బయటపడ్డాయి. దీనికి అనువాదం రాయక్కర్లేదు, ఏ భాషా రాక్కర్లేదు, అందరూ ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

కొన్ని దొరక్కూడదు కూడా. డబ్ల్యూ180, డబ్ల్యూ240, డబ్ల్యూ320 అని గ్రేడులు ఉంటాయి, డబ్ల్యూ అంటే గుండు తెల్ల పప్పు, పక్కన అంకె పౌండుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెప్తుంది, అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, రేటు ఎక్కువ. ఇవి ఎక్కడైనా ఒకటే, వాటిని ముట్టుకోకూడదు, అందుకని వాటికి గుర్తు పెట్టలేదు. వాక్యం మధ్యలో వచ్చిన చోట మాత్రం టెంప్లేట్‌లో ట్రాన్స్‌లేటర్స్ అని మొదలయ్యే కామెంట్ రాశాను, అది పీవో ఫైల్‌లో ఆ ఎంట్రీ పైన కనిపిస్తుంది, "ఇది గ్రేడు కోడు, ఇలాగే ఉంచు" అని. ఆర్డర్ అనే మాట బటన్ మీద ఒకలా, హెడ్డింగులో ఇంకోలా రావాలి కాబట్టి అక్కడ కాంటెక్స్ట్ ఇచ్చి రెండు ఎంట్రీలు చేశాను, లేకపోతే గెట్‌టెక్స్ట్ రెండిటినీ కలిపి ఒకటే చేసేస్తుంది.

తర్వాత ఫైల్ మరదలికి ఇచ్చాను, పీవో ఫైళ్లు దిద్దే పోఎడిట్‌లో తెరవమని. తనకి కోడ్ అవసరం లేదు, ఎడమ పక్క ఇంగ్లీష్, కింద తెలుగు రాసే పెట్టె. ఎలా రాసిందో చెప్పాలంటే, "సబ్మిట్ యువర్ ప్రొడ్యూస్" అని ఏదో గొప్పగా రాసి ఉంటే "పిక్కలు అమ్మండి" అని రాసింది, "మాయిశ్చర్ కంటెంట్" దగ్గర "నెమ్ము" అని రాసింది, నేనైతే తేమ శాతం అని రాసేవాణ్ణి, రైతు ఎవరూ అలా అడగరు. ఒక చోట మాత్రం కంపైల్ ఆగిపోయింది, తెలుగు వాక్యంలో ఉన్న ఖాళీ పేరు ఇంగ్లీష్ వాక్యంలో లేదు అని ఎర్రర్. చూస్తే పర్సెంట్ తర్వాత బ్రాకెట్‌లో ప్లేస్ అని ఇంగ్లీష్‌లో ఉన్న పేరుని కూడా తను శుభ్రంగా "ఊరు" అని తెలుగు చేసేసింది. "బ్రాకెట్‌లో ఉంటే మాత్రం ఇంగ్లీష్ వదిలీమని ఎవుడు సెప్పాడు బావా" అంది. నిజమే, ఎవరూ చెప్పలేదు. కంపైల్ టైంలోనే పట్టేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే సైటు నడిచేటప్పుడు గొడవయ్యేది.

అన్నిటికంటే నేను భయపడింది ఫజీ దగ్గర. సైటు నడుస్తుండగానే మావయ్య పప్పు పేజీలో ఒక లేబుల్ మార్పించాడు, అంతకుముందు "రేట్ పర్ బ్యాగ్" అని ఉన్నదాన్ని "రేట్ పర్ కేజీ" అని. మళ్లీ మేక్‌మెసేజెస్ కొడితే గెట్‌టెక్స్ట్ కొత్త వాక్యం పాతదానికి దగ్గరగా ఉంది కదా అని పాత తెలుగునే తెచ్చి పెట్టేసింది, "బస్తా రేటు" అని, పైన ఫజీ అని చిన్న గుర్తు. ఫజీ ఉన్నంతసేపు కంపైల్ దాన్ని వదిలేస్తుంది, పేజీలో ఇంగ్లీషే కనిపిస్తుంది, ప్రమాదం లేదు. పోఎడిట్‌లో కూడా నీడ్స్ వర్క్ అని రంగు మార్చి చూపిస్తుంది. కానీ ఎవరైనా తొందర్లో ఆ గుర్తు తీసేస్తే కేజీ రేటు పక్కన బస్తా రేటు అని వచ్చేది, ఇంక ఫోన్లు ఎత్తలేక మావయ్య నన్ను తిట్టేవాడు. అందుకని రేటు, బరువు, తేదీ ఉన్న వాక్యాల్లో ఫజీ వస్తే గుర్తు తీయడం కాదు, మొత్తం తుడిచి మళ్లీ రాయాలి అని మేమిద్దరం అనుకున్నాం.

పీవో ఫైల్‌ని గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచేది) పెట్టుకునేవాళ్లకి ఒక మాట. ప్రతి ఎంట్రీ పైన ఏ ఫైల్‌లో ఎన్నో లైనులో ఉందో రాసి ఉంటుంది, టెంప్లేట్ పైన ఒక్క లైను చేరినా కింద నంబర్లన్నీ మారిపోతాయి, డిఫ్ (పాతదానికీ కొత్తదానికీ తేడా) చూస్తే ఏది నిజంగా మారిందో కనపడదు. యాడ్ లొకేషన్ ఫైల్ అనే ఆప్షన్ ఇస్తే ఫైల్ పేరు ఉంటుంది, నంబర్ ఉండదు, అది చాలు.

గెట్‌టెక్స్ట్‌కి అందనివి చాలానే మిగిలాయి. బ్యానర్ ఫొటోల మీద రాసిన ఇంగ్లీష్ మాటలు ఎవరూ తీయలేరు, అవి మళ్లీ చేయించుకోవాలి. ప్రొడక్టు వివరణలు డేటాబేస్‌లో ఉన్నాయి కాబట్టి మోడల్‌లో తెలుగు కాలమ్ విడిగా పెట్టాను. ఎస్ఎంఎస్‌లు మరీ గొడవ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్స్ ప్రకారం కంపెనీలు పంపే ప్రతి ఎస్ఎంఎస్ టెంప్లేట్ డీఎల్‌టీ అనే పోర్టల్‌లో ముందే రిజిస్టర్ అయి ఉండాలి, సైటులో తెలుగు మార్చేసినంత మాత్రాన మెసేజ్ వెళ్లదు, తెలుగుది విడిగా అప్రూవ్ అవ్వాలి, పైగా ఇంగ్లీష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కి 160 అక్షరాలైతే తెలుగులో 70, వత్తులూ గుణింతాలూ కూడా విడివిడి అక్షరాలుగానే లెక్కపెడతాడు. "మీ 12 బస్తాల పిక్కలకి బండి రేపు ఉదయం వస్తుంది" లాంటి చిన్న వాక్యం రాసి, రైతు పేరు, తోట అడ్రసు, అవన్నీ పీకేసి ఎలాగో ఒక మెసేజ్‌లో ఇరికించింది మరదలు. బటన్ల ఎత్తు కూడా మార్చాల్సి వచ్చింది, లైన్ హైట్ తక్కువగా ఉండి కింద వత్తులు తెగిపోతున్నాయి.

ఇప్పుడు పిక్కల పేజీ తెలుగులో నడుస్తోంది. పొద్దున్న ఫోన్లు తగ్గాయా అంటే కొంచెం తగ్గాయి, కొంతమంది రేటు సైటులో చూసి మరీ ఫోన్ చేసి "సైటులో ఇలగుంది, నిజమేనా" అని అడుగుతున్నారంట. మావయ్యకి ఇప్పుడు ఒడియా కూడా కావాలంట, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి కూడా పిక్కలు తెస్తారు కదా అని. గుర్తులన్నీ ఉన్నాయి కాబట్టి ఈసారి కమాండ్ కొడితే లిస్టు నిమిషంలో వస్తుంది గానీ, తెలుగు కోసం నేను కట్టిన వాక్యాలు ఒడియాలో ఎక్కడ విరుగుతాయో నాకు తెలీదు. పర్లాకిమిడిలో ఆయనకి తెలిసిన ఒక పిక్కల వ్యాపారి ఉన్నాడంట, ఒడియా తెలుగు రెండూ వచ్చు, ఆయనకి పీవో ఫైల్ తర్వాత పంపిస్తాను, ముందు పేజీల స్క్రీన్‌షాట్లు తీసి పంపి, ఏ వాక్యం మార్చుకోవాలో చెప్పమంటాను.